ఫైల్ కాల్ ఖరీదెంత?

పైథాన్‌లో ఒక ఫోల్డరు, దాని లోపలి ఫోల్డర్లు, వాటి లోపలివి, ఇలా చెట్టు మొత్తం తిరిగి రావడానికి ఓఎస్ వాక్ అనే ఫంక్షన్ ఉంది. 2015 సెప్టెంబరులో పైథాన్ 3.5 వచ్చేదాకా అది చేసే పని కాస్త వింతగా ఉండేది. ముందు డైరెక్టరీలోని పేర్లన్నీ తెచ్చుకునేది. తర్వాత ఒక్కో పేరు పట్టుకుని మళ్లీ ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్ దగ్గరికి వెళ్లి, ‘ఇది ఫైలా, ఫోల్డరా?’ అని అడిగేది. నిజానికి ఆ సంగతి కెర్నల్ మొదటిసారే చెప్పేసింది. లైనక్స్‌లో చాలా ఫైల్ సిస్టమ్‌లు పేరుతో పాటు రకం కూడా చెబుతాయి. విండోస్ అయితే సైజు, తేదీలు కూడా చేతిలో పెట్టి పంపుతుంది. పైథాన్ మాత్రం పేర్లు ఉంచుకుని మిగతాది పారేసేది, పారేసినదాని కోసం మళ్లీ వరుసలో నిలబడేది.

ఈ రెండో ప్రయాణం తప్పించడానికి బెన్ హోయ్ట్ 2014లో పెప్ 471 అనే ప్రతిపాదన రాశాడు. దాంతో వచ్చిందే స్కాన్‌డిర్. దీనివల్ల ఓఎస్ వాక్ విండోస్‌లో 8–9 రెట్లు, లైనక్స్ తరహా సిస్టమ్‌లలో 2–3 రెట్లు వేగంగా నడుస్తుందని ఆ ప్రతిపాదనలో ఉంది. ఏడాది తర్వాత పైథాన్ 3.5తో వచ్చిన పత్రం అదే మార్పుకు వేరే అంకెలు ఇచ్చింది: విండోస్‌లో 7 నుంచి 20 రెట్లు, లైనక్స్ తరహాలో 3 నుంచి 5 రెట్లు. రెండింటిలో ఏదీ అబద్ధం కాదు. మెషీన్ మారింది, డిస్కు మారింది, కోడ్ కూడా కొంత ముదిరింది. ‘ఎన్ని రెట్లు?’ అని అడిగితే ఒక్క జవాబు దొరకదని ఈ చిన్న ఉదాహరణే చెబుతోంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కాల్ ఎంత చౌకైందన్నది ఒక లెక్క. మనిషి ఎదురుచూపు ఎంత తగ్గిందన్నది మరో లెక్క. మొదటిది కొలవడం తేలిక కాబట్టి చాలామంది దాన్నే కొలిచి, రెండోదాని పేరు పెట్టి అమ్ముతారు.

అసలు ఒక ఫైల్ కాల్‌లో ఏముంటుంది? ప్రోగ్రామ్ నేరుగా డిస్కును ముట్టుకోలేదు. తాసీల్దారు ఆఫీసులో కౌంటరు దగ్గరికి వెళ్లినట్టు కెర్నల్‌ను అడగాలి. కౌంటరు దాకా వెళ్లి రావడానికే ఒక ఖర్చు ఉంది, ఇప్పటి ప్రాసెసర్లలో అది నానోసెకన్లలో, వందల లెక్కన. తర్వాత దారి వెతకాలి: పై డైరెక్టరీ, దాని కింద ఇంకొకటి, ఒక్కో మెట్టు దగ్గరా అనుమతుల తనిఖీ. ఆ వివరాలు మెమరీలో ఉంటే పని మైక్రోసెకన్లలో ముగుస్తుంది. లేకపోతే డిస్కు దాకా పోవాలి. ఎస్‌ఎస్‌డీ అయితే పదుల మైక్రోసెకన్లు, తిరిగే డిస్కు అయితే మిల్లీసెకన్లు. మధ్యలో యాంటీవైరస్ కూర్చుని ప్రతి ఫైలూ తెరిచి చూస్తుంటే దాని వాటా దానిదే. ఇవన్నీ బయటికి ఒకే కాల్‌లా కనిపిస్తాయి. కాబట్టి ‘ఓపెన్ కాల్ ఖరీదెంత’ అన్న ప్రశ్నకు వెయ్యి రెట్లు, పదివేల రెట్లు తేడాతో జవాబులు వస్తాయి.

పైగా కౌంటరు దాకా నడిచే ఖర్చు కూడా స్థిరంగా ఉండదు. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్ లోపం బయటపడినప్పుడు, రక్షణ కోసం కెర్నల్ పేజీ టేబుళ్లను ప్రోగ్రామ్‌ల నుంచి విడదీయాల్సి వచ్చింది. దాంతో ఆ లోపం ఉన్న ప్రాసెసర్ల మీద ప్రతి కాల్‌కూ రాకపోకల భారం పెరిగింది. చిన్న చిన్న కాల్స్ లక్షల్లో చేసే ప్రోగ్రామ్‌లకు గట్టి దెబ్బ తగిలింది, లోపలే లెక్కలు చేసుకునేవాటికి తెలియనే లేదు. అంతకు ముందు నెల కొలిచి పెట్టుకున్న అంకె అదే మెషీన్ మీద పాతబడిపోయింది.

ఇక్కడ మా ఆఫీసులో జరిగిన ఒక సంగతి చెప్పాలి. పాత పుస్తకాలు స్కాన్ చేసి, పేజీకి ఒక ఫైలు చొప్పున దాచిపెట్టే లైనక్స్ మెషీన్ ఒకటి ఉంది. ఏ పేజీలు కొత్తగా వచ్చాయో, ఏవి మారాయో చూసే స్క్రిప్టు రోజూ నడుస్తుంది. కొత్తగా చేరిన కుర్రాడు దాన్ని స్కాన్‌డిర్‌తో తిరగరాశాడు. ముందు పాతది నడిపాడు, తర్వాత కొత్తది నడిపాడు. కొత్తది రివ్వున ముగిసింది. ‘చూడండి సార్!’ అన్నాడు. ‘సరే బాబూ, ఇప్పుడు పాతదాన్ని మళ్లీ నడుపు’ అన్నాను. ఈసారి అది కూడా రివ్వున ముగిసింది. మొదటి పరుగులో పాత స్క్రిప్టు డిస్కు నుంచి మెమరీకి మోసుకొచ్చిన సామానంతా కొత్త స్క్రిప్టు ఉచితంగా వాడుకుంది. ఇంకొకరు కాచిన పాలు తోడేసుకుని, పెరుగు నాదే అన్నట్టు.

ఇలా మెమరీలో అట్టిపెట్టుకున్నదాన్ని క్యాష్ అంటారు. తెలుగులో రాస్తే నగదూ ఇదీ ఒకేలా కనిపించడం ఇబ్బందే కానీ, అంత పొరపాటు పోలిక కాదు. జేబులో ఉంటే వెంటనే ఇస్తాం, లేకపోతే బ్యాంకుకు పోవాలి. లైనక్స్‌లో ప్రాక్ కింద ఉండే డ్రాప్ క్యాషెస్ ఫైల్లో 3 అని రాస్తే జేబు ఖాళీ అవుతుంది, అంతకు ముందు సింక్ కొట్టడం మర్చిపోకూడదు. ఖాళీ జేబుతో ఒక కొలత, నిండు జేబుతో ఒక కొలత, రెండూ విడివిడిగా చెప్పాలి. హైపర్‌ఫైన్ లాంటి సాధనాల్లో దీనికి ఏర్పాటు ఉంది: ముందు కొన్ని పరుగులు ఊరికే వదిలేయడానికి ఒక ఆప్షన్, ప్రతి పరుగుకు ముందు క్యాష్ ఖాళీ చేసే ఆదేశం ఇవ్వడానికి మరొకటి.

కుర్రాడిది అనుభవం లేక చేసిన తప్పు. పెద్దలు కూడా తక్కువేం తినలేదు. ట్రేగర్, జాడోక్, మరో ఇద్దరు కలిసి 2008లో ఒక పెద్ద సర్వే ప్రచురించారు. తొమ్మిదేళ్ల వ్యవధిలో వచ్చిన 106 పరిశోధన పత్రాల్లోని 415 ఫైల్ సిస్టమ్, స్టోరేజ్ బెంచ్‌మార్క్‌లను వాళ్లు జల్లెడ పట్టారు. బాగా ప్రచారంలో ఉన్న బెంచ్‌మార్క్‌లలో చాలావరకు లోపభూయిష్టమైనవేనని, చాలా పత్రాల నుంచి అసలు పనితీరు ఏమిటో స్పష్టంగా తెలియదని తేల్చారు. ఎన్నిసార్లు నడిపారు, అంకెలు ఎంత చెదిరాయి, క్యాష్ ఏ స్థితిలో ఉంది అన్న మామూలు వివరాలే కరువు.

జాడోక్ బృందమే 2011లో మరో చిన్న పత్రం రాసింది. 512 మెగాబైట్ల మెమరీ ఉన్న మెషీన్ మీద ఒక ఫైలును యాదృచ్ఛికంగా చదువుతూ, ఫైలు సైజు మెల్లగా పెంచుకుంటూ పోయారు. ఫైలు మెమరీలో పట్టినంతకాలం వేగం బాగుంది. సైజు 64 మెగాబైట్లు పెరిగిన ఒకే ఒక్క అడుగులో వేగం దాదాపు పదో వంతుకు కూలింది. ఆ గట్టుకు ఇటు నిలబడి కొలిచినవాడు మెమరీని కొలిచాడు, అటు నిలబడినవాడు డిస్కును కొలిచాడు. ఇద్దరూ తాము కొలిచింది ఫైల్ సిస్టమ్‌నే అనుకుంటారు.

ఇంకా కలవరపెట్టేది 2009లో మిట్కోవిచ్, దివాన్, హౌస్‌విర్త్, స్వీనీ చూపించిన విషయం. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ మొత్తం పొడవు మారినా, ఆబ్జెక్ట్ ఫైళ్లను లింక్ చేసే వరుస మారినా ప్రోగ్రామ్ వేగం మారుతుంది. కంపైలర్ ఆప్టిమైజేషన్ మంచి చేసిందా చెడు చేసిందా అన్న తీర్పే తలకిందులయ్యేంతగా మారుతుంది. పొడుగు యూజర్ పేరుతో లాగిన్ అయినవాడికి ఒక ఫలితం, పొట్టి పేరువాడికి ఇంకోటి రావచ్చన్నమాట. ‘మా ప్యాచ్‌తో 2 శాతం మెరుగైంది’ అని ఎవరైనా అంటే, ఈ పత్రం చదివాక నాకు నమ్మబుద్ధి కాదు.

కాబట్టి పెద్ద తేడాల దగ్గరికి వెళ్దాం. ఈ ప్రశ్న మొత్తానికి గిట్ కంటే మంచి ప్రయోగశాల లేదు. గిట్ స్టేటస్ అని కొట్టగానే అది తనకు తెలిసిన ప్రతి ఫైలుకూ దాని వివరాలు అడిగే ఎల్‌స్టాట్ కాల్ (స్టాట్ కుటుంబంలోది) చేస్తుంది. సైజు, మార్పు సమయం, ఐనోడ్ నంబరు తన ఇండెక్స్‌లో రాసిపెట్టినవాటితో సరిపోతే ఫైలు తెరవకుండానే ముందుకు పోతుంది. అంటే లోపలి సరుకు చదివే ఖరీదైన పనికి బదులు చౌకైన కాల్ వాడుకోవడం దాని పుట్టుకలోనే ఉంది. ఆ చౌకకు కూడా ఒక వడ్డీ ఉంది. ఇండెక్స్ రాసిన క్షణంలోనే, సైజు మారకుండా ఫైలు మారితే స్టాట్ చూసి పట్టుకోలేం. అందుకే సమయం అనుమానాస్పదంగా ఉన్న ఫైళ్లను గిట్ మళ్లీ తెరిచి చదువుతుంది. బెంచ్‌మార్క్ స్క్రిప్టు ఫైళ్లు సృష్టించిన మరుక్షణం స్టేటస్ కొడితే ఈ అనుమానపు చదువు కూడా కొలతలోకి దూరుతుంది. అది తెలియక తలపట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

లైనక్స్ కెర్నల్ రిపాజిటరీలో 80 వేలకు పైగా ఫైళ్లున్నాయి. క్యాష్ నిండుగా ఉంటే అన్ని ఎల్‌స్టాట్‌లూ కనురెప్పపాటులో అయిపోతాయి. అదే నెట్‌వర్క్ డ్రైవ్ మీదైతే ప్రతి కాల్ అవతలి సర్వర్ దాకా పోయి రావాలి. ఆ బాధ కోసమే కాల్స్‌ను థ్రెడ్లకు పంచి ఒకేసారి పంపే ప్రీలోడ్ ఇండెక్స్ వచ్చింది. గమనించండి, ఇందులో ఒక్క కాల్ కూడా చౌక కాలేదు. వాటి నిరీక్షణలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి, అంతే.

2017లో మైక్రోసాఫ్ట్ తన విండోస్ సోర్స్ మొత్తాన్ని గిట్‌లోకి తెచ్చే పనిలో పడింది. 35 లక్షల ఫైళ్లు, సుమారు 300 గిగాబైట్లు. స్టేటస్‌కు 10 నిమిషాలు పట్టేదని వాళ్లే చెప్పారు. జీవీఎఫ్ఎస్ అనే పొర వేశాక 4–5 సెకన్లకు దిగింది. అది చేసిన పని ఏమిటంటే, ప్రోగ్రామర్ ముట్టుకోని ఫైళ్ల గురించి గిట్ అసలు అడగకుండా ఆపడం. ఫేస్‌బుక్, గిట్ లాంటిదే అయిన మెర్క్యూరియల్‌కు వాచ్‌మన్ అనే కాపలా ప్రోగ్రామ్‌ను జోడించినప్పుడూ ఇదే దారి: ఏ ఫైళ్లు మారాయో ఫైల్ సిస్టమ్ తనంతట తాను చెబుతుంటే, అన్ని ఇళ్ల తలుపులూ తట్టే పని ఉండదు. గిట్‌లో అలాంటి కాపలాదారుకు హుక్ 2018లో, సొంత డీమన్ 2022లో వచ్చాయి.

నేను చూసినంతలో పెద్ద లాభాలన్నీ ఈ కోవవే. కాల్‌ను చౌక చేసినవి శాతాల్లో గెలిచాయి, కాల్‌ను మాన్పించినవి రెట్లలో గెలిచాయి.

ఎస్‌క్యూలైట్ డేటాబేస్ వాళ్ల ప్రసిద్ధ 35 శాతం కూడా కాల్స్ మాన్పించి తెచ్చుకున్నదే, కాకపోతే లాభం శాతాల్లోనే ఆగింది. 10 కిలోబైట్ల చిన్న బొమ్మలను విడి ఫైళ్లుగా కాకుండా ఒకే డేటాబేస్‌లో పెట్టి చదివితే సుమారు 35 శాతం వేగమని వాళ్లు కొలిచారు. వాళ్లు చెప్పిన కారణం: డేటాబేస్‌ను ఒకసారి తెరిచి ఒకసారి మూస్తే చాలు, విడి ఫైళ్లకు బొమ్మకొకసారి తెరవాలి, బొమ్మకొకసారి మూయాలి. ఆ అంకె పక్కనే ఫుట్‌నోట్ పెట్టి, ఇది హార్డ్‌వేర్‌ను బట్టి, ఆపరేటింగ్ సిస్టమ్‌ను బట్టి మారుతుందని రాశారు. యాంటీవైరస్ నడిచే విండోస్‌లో రాతకు తేడా ఇంకా ఎక్కువని కూడా. అంకె కంటే ఆ ఫుట్‌నోటే నాకు నచ్చింది.

అదే ఎస్‌క్యూలైట్ దగ్గర మరో పాఠం ఉంది. మామూలు కంప్యూటర్ మీద సెకనుకు 50 వేల ఇన్సర్ట్‌లు చేయగల ఇంజిన్, విడివిడి ట్రాన్సాక్షన్లుగా చేస్తే తిరిగే డిస్కు మీద సెకనుకు కొన్ని పదులకు పడిపోతుంది. కారణం ఎఫ్‌సింక్. రాసింది నిజంగా డిస్కు పళ్లెం మీదికి చేరిందన్న హామీ కావాలి. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కు సెకనుకు 120 చుట్లే తిరుగుతుంది, ఒక ట్రాన్సాక్షన్‌కు రెండు చుట్లు కావాలంటే సెకనుకు 60 దాటవు. ఈ ఖర్చు కౌంటరుది కాదు, భౌతికశాస్త్రానిది. 2008లో ఫైర్‌ఫాక్స్ 3 హిస్టరీని ఎస్‌క్యూలైట్‌లో పెట్టి తరచుగా ఎఫ్‌సింక్ చేయడంతో, ఎక్స్‌టీ3 ఫైల్ సిస్టమ్ మీద బ్రౌజర్ ఉన్నట్టుండి బిగుసుకుపోయేది. ఎక్స్‌టీ3 మామూలు అమరికలో ఒక ఫైలుకు సింక్ అడిగితే ఇంకెవరో రాస్తున్న డేటాను కూడా దించేదాకా ఆగాల్సి వచ్చేది.

ఎఫ్‌సింక్‌ను చౌక చేయడం కష్టం, ఎగ్గొట్టడం మాత్రం ఎంతో తేలిక. లిబ్‌ఈట్‌మైడేటా అని ఒక లైబ్రరీ ఉంది, పేరులోనే దాపరికం లేదు. ఎఫ్‌సింక్ పిలుపులన్నిటికీ ‘అయిపోయింది’ అని చెప్పి ఊరుకుంటుంది. టెస్టులు నడుపుకోవడానికి బంగారం లాంటిది. అసలు డేటా ఉన్న చోట దాని వేగాన్ని లాభం కింద రాసుకుంటే మాత్రం మోసమే. ఏదైనా రాత బెంచ్‌మార్క్ చూసినప్పుడు నేను మొదట అడిగేది ఇదే: కరెంటు పోతే ఏం మిగులుతుంది?

హామీలో కొంత సడలించి నిజాయితీగా మిగిల్చినదానికి ఉదాహరణ కూడా ఉంది. ఒకప్పుడు ఫైలు చదివినప్పుడల్లా ‘చివరిగా చదివిన సమయం’ మార్చాలి, అంటే ప్రతి చదువూ ఒక రాత అయ్యేది. 2009లో లైనక్స్ 2.6.30 నుంచి రెల్‌ఎటైమ్ పద్ధతే మామూలైంది: ఆ సమయం మార్పు సమయం కంటే వెనకబడితేనో, రోజు దాటితేనో తప్ప తిరగరాయదు. దాదాపు ఎవరికీ తేడా తెలియలేదు.

ప్రోగ్రామ్ మొదలయ్యే సమయంలో వృథా కాల్స్ మరీ ఎక్కువ. లైబ్రరీ ఎక్కడుందో తెలియక దారిలోని ప్రతి డైరెక్టరీలో వెతకడం, చాలాచోట్ల ‘లేదు’ అనిపించుకోవడం. రూబీలో ఈ వెతుకులాటను గుర్తుంచుకునే బూట్‌స్నాప్‌ను షాపిఫై 2017లో విడుదల చేసింది. డిస్కోర్స్ అనే ఫోరమ్ సాఫ్ట్‌వేర్ 6 సెకన్ల నుంచి 3కు, షాపిఫై అసలు ప్లాట్‌ఫామ్ 25 సెకన్ల నుంచి 6.5కు దిగాయని రాసింది. కాకపోతే అందులో కంపైల్ చేసిన కోడ్‌ను దాచుకోవడం కూడా కలిసి ఉంది, కాబట్టి ఆ లాభమంతా ఫైల్ కాల్స్ ఖాతాలో వేయలేం. అపాచీ సర్వర్‌లో హెచ్‌టీయాక్సెస్ అనుమతిస్తే, ప్రతి పేజీ కోసం పై డైరెక్టరీ నుంచి కింది దాకా ఒక్కోచోట ఆ ఫైలు ఉందేమోనని చూస్తుంది. ఒక్క సెట్టింగ్‌తో అది మానుతుంది.

ఫైళ్లు ఎక్కడున్నాయన్నది మారితే తీర్పు తలకిందులవుతుందనడానికి డబ్ల్యూఎస్ఎల్ చాలు. విండోస్‌లో లైనక్స్ నడిపే ఈ ఏర్పాటు మొదటి రూపంలో లైనక్స్ కాల్స్‌ను విండోస్ కాల్స్‌గా మార్చేది. 2019లో ప్రకటించిన రెండో రూపంలో నిజమైన లైనక్స్ కెర్నలే ఉంది. టార్ ఫైలు విప్పడంలో 20 రెట్ల దాకా, గిట్ క్లోన్, ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ లాంటివాటిలో 2–5 రెట్లు వేగమని మైక్రోసాఫ్ట్ చెప్పింది. కానీ ప్రాజెక్టును సీ డ్రైవ్‌లోనే వదిలేసి లైనక్స్ వైపు నుంచి తెరిస్తే, రెండో రూపమే మొదటిదానికంటే నెమ్మది.

కొలిచే సాధనం గురించి ఒక హెచ్చరిక. కాల్స్‌ను గమనించే ఎస్‌ట్రేస్ ప్రతి కాల్ దగ్గర ప్రోగ్రామ్‌ను ఆపుతుంది, లోపలికి వెళ్లేటప్పుడు ఒకసారి, బయటికొచ్చేటప్పుడు ఒకసారి. కాల్స్ ఎక్కువున్న ప్రోగ్రామ్ దాని కింద విపరీతంగా నెమ్మదిస్తుంది, కాబట్టి అక్కడ కాల్స్ సంఖ్య చూడండి, సమయం చూడకండి. సీ ఆప్షన్‌తో వచ్చే పట్టికలోని సెకన్లు కూడా ఊరికే అడిగితే ప్రాసెసర్ వాడిన సమయమే. డిస్కు కోసం నిద్రపోయిన కాలం అందులో కనబడదు, గడియారం సమయం కావాలంటే డబ్ల్యూ కూడా కలపాలి. ఇది తెలియక ‘రీడ్ కాల్ దాదాపు ఉచితం’ అని రాసిన రిపోర్టు ఒకటి నా చేతికే వచ్చింది.

ఆపైన పాత ఆమ్‌డాల్ లెక్క ఎలాగూ ఉంది. ప్రోగ్రామ్ 10 సెకన్లు నడుస్తుంటే, అందులో ఫైల్ కాల్స్ 2 సెకన్లయితే, వాటిని పూర్తిగా ఉచితం చేసినా మిగిలేవి 8. కాల్ పది రెట్లు చౌకైందన్న ముక్క వినసొంపుగానే ఉంటుంది.

మళ్లీ మా కుర్రాడి దగ్గరికి. చెప్పినట్టే అన్నీ చేశాడు. మొదటి పరుగు వదిలేసి, తర్వాత పదేసిసార్లు నడిపి సగటు తీశాడు. కొత్త స్క్రిప్టు పాతదాంట్లో దాదాపు సగం సమయమే తీసుకుంది. పాతదాంట్లో ఫైలుకు రెండు స్టాట్‌లు, ఫోల్డరా కాదా అని ఒకటి, మారిన తేదీ కోసం ఒకటి. కొత్తదాంట్లో ఒకటే. లెక్క సరిపోయింది. ఆ స్క్రిప్టు రోజూ నడిపే ఆపరేటర్ గారికి చూపించాం. ఆవిడ కాగితం అటూ ఇటూ తిప్పి, ‘నేను పొద్దున మెషీన్ వేయగానే ఒక్కసారే కదండీ నడిపేది. మీరు వదిలేసిన ఆ మొదటిదే నాది’ అన్నారు.

మెషీన్ ఆపి, మళ్లీ వేసి, రెండు స్క్రిప్టులనూ ఒక్కోసారి అలాగే కొలిచాం. తేడా దాదాపు లేదు. ఖాళీ జేబుతో వెళ్లినప్పుడు మొదటి స్టాటే ఫైలు వివరాలుండే ఐనోడ్‌ను డిస్కు నుంచి తెచ్చే భారమంతా మోస్తుంది. రెండోది మెమరీలోంచి జవాబు తీసుకుని వచ్చేస్తుంది. కుర్రాడు తీసేసింది ఆ రెండోదాన్ని. తేదీ కావాలి కాబట్టి లైనక్స్‌లో మొదటిది ఎలాగూ తప్పదు. చివరికి స్కాన్ చేసే ప్రోగ్రామే తాను చేర్చిన, మార్చిన పేజీల పేర్లు ఒక ఫైల్లో రాసిపెట్టేలా మార్చాం. ఇప్పుడు ఆవిడ పొద్దున వచ్చి ఆ ఒక్క ఫైలు తెరుస్తారు.